ఉప్పు నీళ్లా, సున్నపు నీళ్లా? బోరు నీటి కఠినత్వాన్ని కొలిచి, సరిచేసుకునే విధానం

బోరు నీరు బాగాలేదంటే మన ఇళ్లలో "అవి ఉప్పు నీళ్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాట కింద రెండు వేర్వేరు దోషాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, నీటిలో మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, ఎక్కువగా ఉండడం. నాలుకకు ముందుగా తెలిసేది ఇదే. రెండోది, కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండడం. సబ్బు నురగ రాకపోవడం, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టడం, గీజర్ కాయిల్ ఏడాది తిరగకుండా కాలిపోవడం, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా బద్దలుగానే ఉండిపోవడం దీని లక్షణాలు. కఠిన జలం అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది ఈ రెండోదాన్నే. రెండు దోషాలూ ఒకే బోరులో ఉండవచ్చు గాని, ఒకదానికి చేసే చికిత్స రెండోదానికి పనిచేయదు. కాల్షియం, మెగ్నీషియాలను తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టించాక నీళ్లు ఇంకా ఉప్పగానే ఉన్నాయని బాధపడేవారూ, తాగే నీటికి లవణాలను వడగట్టే ఆర్‌వో యంత్రం పెట్టించి స్నానాల గదిలో మరకలు ఎందుకు పోలేదని అడిగేవారూ చేసిన పొరపాటు ఒకటే: తమ నీటిలో ఉన్నదేమిటో తెలుసుకోకముందే యంత్రం కొన్నారు.

ఈ లవణాలు ఎక్కడివి?

వాన నీటిలో కఠినత్వం దాదాపు ఉండదు. ఆ నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొద్దిగా ఆమ్ల గుణం పొందుతుంది, ఆ ఆమ్లం దారిలో తగిలిన సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి బైకార్బొనేట్ రూపంలో తనతో తీసుకుపోతుంది. అందుకే నాపరాయి తీసే తాండూరు, బేతంచర్ల చుట్టుపక్కల గాని, సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా వెలసిన పల్నాడులో గాని బోరు నీరు కఠినంగా ఉండడంలో వింతేమీ లేదు. ఫ్యాక్టరీకి ముడిసరుకైన రాయే బోరులో కరిగి వస్తోంది. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. అందులో సున్నపురాయి లేకపోయినా, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు శిథిలమయ్యేటప్పుడు కాల్షియం నెమ్మదిగా విడుదలవుతుంది. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిచి ఉంటే అంత ఎక్కువ కరిగించుకుంటుంది కనుక, బోరు ఇంకా లోతుకు దించితే మంచినీళ్లు పడతాయన్న ఆశ చాలాసార్లు తలకిందులవుతుంది.

కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్‌లుగా ఉంటే దాన్ని తాత్కాలిక కఠినత్వం అంటారు. నీరు మరిగితే అవి కార్బొనేట్‌లుగా మారి అడుగున తెల్లగా పేరుకుంటాయి. సల్ఫేట్‌లుగా, క్లోరైడ్‌లుగా ఉంటే అది శాశ్వత కఠినత్వం. ఎంత మరిగించినా పోదు. గీజర్‌లో పట్టే పెచ్చులో అధిక భాగం మొదటి రకానిది, సబ్బును విరగ్గొట్టేది మాత్రం రెండూ.

కొలవడం ఎలా?

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే తప్పు కొలతతోనే సగం డబ్బు వృథా అవుతుంది. జేబులో పట్టే టీడీఎస్ మీటరు కఠినత్వాన్ని కొలవదు. అది నీటి విద్యుద్వాహకతను చూసి, కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఎంత ఉండవచ్చో అంచనా చెబుతుంది. అందులో సోడియం ఎంత, కాల్షియం ఎంత అన్నది దానికి తెలియదు. రెండు ఇళ్ల బోర్లలో మీటరు లీటరుకు 900 మిల్లీగ్రాములు చూపినా, ఒకదాని కఠినత్వం 150, రెండోదానిది 600 ఉండవచ్చు (కఠినత్వాన్ని కూడా, కాల్షియం కార్బొనేట్‌గా లెక్కగట్టి, లీటరుకు మిల్లీగ్రాముల్లోనే చెబుతారు). మొదటి ఇంటికి సాఫ్ట్‌నర్ అనవసరం, రెండో ఇంటికి అవసరం.

మన పెద్దవాళ్లకు మీటరు లేకపోయినా కొలత ఉండేది. ఊళ్లో ఏ బావి నీళ్లతో పప్పు మెత్తగా ఉడుకుతుందో దాన్నే మంచినీళ్ల బావి అనేవారు. ఇది శాస్త్రానికి సరిపోయే పరీక్షే: కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌తో గట్టిగా ముడిపడి, కణాలు విడిపోకుండా పట్టుకుంటుంది. రెండో ఇంటి పరీక్ష సబ్బుతో చేసేది. ఒకే రకమైన రెండు గాజు సీసాలు తీసుకొని, ఒకదానిలో బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో మన బోరు నీరు సమానంగా పోసి, రెంటిలోనూ అంతే చుక్కల సబ్బు ద్రావణం వేసి గట్టిగా ఊపాలి. మొదటిదానిలో నిలిచే నురగ వచ్చి, రెండోదానిలో పాలలాంటి మడ్డి తేలితే నీరు కఠినమైనదని అర్థం. ఇందుకు వాడేది అసలు సబ్బు అయి ఉండాలి. డిటర్జెంటు పౌడరు, షాంపూ వేస్తే అవి కఠిన జలంలో కూడా నురగనిస్తాయి కనుక ఫలితం తప్పుతుంది.

ఉందో లేదో తెలిశాక ఎంత ఉందో తెలియాలి. అందుకు చుక్కలు లెక్కపెట్టే కఠినత్వ పరీక్ష కిట్లు ఆన్‌లైన్‌లోను, అక్వేరియం దుకాణాల్లోను దొరుకుతాయి. గీత దాకా నీరు పోసి, కిట్‌లోని సూచిక, అంటే రంగు మారి ఫలితం చూపే పదార్థం, వేస్తే సాధారణంగా వైన్ ఎరుపు రంగు వస్తుంది. రెండో సీసాలోని ద్రావణాన్ని ఒక్కో చుక్క వేస్తూ కలుపుతూ పోతే ఒకచోట అది నీలంగా మారుతుంది. అప్పటికి పడిన చుక్కల సంఖ్యను కిట్ మీద ముద్రించిన అంకెతో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. ప్రయోగశాలలో చేసే ఈడీటీఏ పరీక్షకు ఇది ఇంటి రూపం. చుక్కలు మరీ ఎక్కువ పడుతుంటే, నమూనాలో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన దాన్ని రెట్టింపు చేసుకోవచ్చు. నమూనా తీసేటప్పుడు మోటారు పది నిమిషాలు నడిచాక నేరుగా బోరు పైపు నుంచే పట్టాలి; నల్లా నీరో ట్యాంకరు నీరో కలిసిన సంపు నుంచి పడితే ఆ అంకె దేనిదో తెలియదు. వేసవిలో ఒకసారి, వానలు కురిసి వెనకబట్టాక ఒకసారి కొలిస్తే మరీ మంచిది.

అదే నీటిని ఒక లీటరు పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీటిని డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ లీటరుకు సరిచేసి పరీక్షిస్తే తగ్గిన మేరకు తాత్కాలిక కఠినత్వం, మిగిలింది శాశ్వతం. ఏ చికిత్స ఎంత ఫలిస్తుందో ఈ విభజనే చెబుతుంది.

అంకె వచ్చాక దేనితో పోల్చాలి? భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి 2012లో సవరించిన ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం అభిలషణీయం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా సహించవచ్చు. టీడీఎస్‌కు అదే ప్రమాణంలో ఈ రెండు హద్దులు 500, 2000. ఫ్లోరైడ్‌కు 1, 1.5. ఈ చివరి అంకె ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిలో కాల్షియం తరచుగా తక్కువే ఉంటుంది. కాల్షియం ఉన్న చోట ఫ్లోరైడ్ దానితో కలిసి అవక్షేపంగా దిగిపోతుంది, లేని చోట నీటిలోనే ఉండిపోతుంది. సబ్బు చక్కగా నురగనిస్తోంది గనుక ఈ బోరు నీరు తాగడానికి మంచిదే అనుకోవడం నల్లగొండ వంటి ప్రాంతాల్లో చాలా ప్రమాదం. తాగే నీటిని ఒక్కసారైనా ప్రయోగశాలలో చూపించాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ఇందుకు ప్రయోగశాలలు ఉన్నాయి.

ఇంటి గుమ్మంలో జరిగే ఒక ప్రదర్శన గురించి హెచ్చరించకుండా ముందుకు పోలేను. అమ్మకందారు రెండు గ్లాసుల్లో, ఒకదానిలో మీ కుళాయి నీరు, రెండోదానిలో ఆర్‌వో నీరు పోసి, లోహపు కడ్డీలున్న పరికరాన్ని ముంచి కరెంటు ఇస్తాడు. నిమిషంలో మీ గ్లాసు ముదురు గోధుమ రంగుకు తిరిగి, పైన తెట్టు కడుతుంది. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. ఆ మడ్డి మీ నీటిలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది కనుక కడ్డీ కరుగుతుంది, ఆర్‌వో నీటిలో పారదు కనుక కరగదు. ఆర్‌వో నీటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమని అడిగితే, ఆ గ్లాసు కూడా అదే రంగుకు వస్తుంది.

ఏ నీటిని, ఎంత మేరకు?

ఇంట్లోని నీరంతటికీ ఒకే చికిత్స చేయడం ఖర్చు దండగ అని నా అభిప్రాయం. తాగేది, వండేది వేరు. స్నానానికి, బట్టలకు వాడేది వేరు. మరుగుదొడ్డికి, మొక్కలకు పోసేది వేరు. చివరిదానికి ఏ చికిత్సా అక్కరలేదు.

తాగే నీటి విషయంలో కఠినత్వానికి అంతగా భయపడనవసరం లేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి అవసరమైనవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్య కారణాలతో కఠినత్వానికి హద్దు విధించలేదు. నీటి సున్నమే కిడ్నీలో రాయి అవుతుందన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు. నీటి టీడీఎస్ 500 లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దుల్లో ఉంటే వడపోత, యూవీ లేదా కాచి చల్లార్చడం చాలు. అటువంటి చోట ఆర్‌వో వాడకాన్ని నిషేధించే నిబంధనలు తేవాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా. లవణాలు అంతకు బాగా మించినా, ఫ్లోరైడ్ ఉన్నా ఆర్‌వో తగినదే. ఫ్లోరైడ్‌ను మరిగించి తగ్గించలేము. నీరు ఆవిరై, మిగిలినదానిలో అది ఇంకా చిక్కబడుతుంది. పటిక కూడా కఠినత్వాన్ని తగ్గించదు. పటిక గాని చిల్లగింజ గాని చేసేది బురదను తేర్చడమే. తేటగా కనిపించే బోరు నీటిలో వాటికి పని లేదు.

పప్పు ఉడకడానికి ముందుగా నానబెట్టి, వంటకు నల్లా నీరో ఆర్‌వో నీరో వాడడమే సులువు. చిటికెడు వంటసోడా వేసినా మెత్తబడుతుంది గాని, పప్పులోని బి1 విటమిన్ కొంత నశిస్తుంది.

తలస్నానానికి కుంకుడుకాయ ఇప్పటికీ సరైన సమాధానం. అందులోని సపోనిన్లు సబ్బులాగా కాల్షియంతో విరిగి జిగట మడ్డిగా మారవు. సబ్బుతో స్నానం చేసినప్పుడు ఒంటి మీద, జుట్టు మీద మిగిలే బిరుసుదనానికి ఆ మడ్డే కారణం. చివరి రెండు చెంబులు మెత్తటి నీటితో పోసుకుంటే చాలావరకు పోతుంది. జుట్టు రాలడానికి అనేక కారణాలుంటాయి కనుక, నీటి యంత్రం పెట్టించగానే ఆగిపోతుందన్న హామీని నమ్మవద్దు.

బట్టలకు వాషింగ్ సోడా చవకైన మార్గం. చౌడుమట్టితో ఉడకబెట్టి బట్టలు ఉతికిన రోజుల్లో జరిగింది ఇదే పని. ఆ మట్టిలో ఉన్నది సోడియం కార్బొనేటే. కఠినత్వం 500 ఉన్న 20 లీటర్ల నీటిలో 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన లవణాలుంటాయి. వాటికి పొడిగా ఉన్న సోడా దాదాపు 11 గ్రాములు, స్ఫటికాల రూపంలోనిదైతే దాదాపు 30 గ్రాములు కావాలి. రాత్రి కలిపి ఉంచి, ఉదయం పైన తేరిన నీటిని వంచుకోవాలి. మెగ్నీషియం పూర్తిగా దిగదు, అయినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. పట్టు, ఉన్ని బట్టలకు ఈ నీరు వాడరాదు, తాగడానికి అసలే పనికిరాదు.

వాషింగ్ మెషీనుకు, గీజరుకు ముందు బిగించే చిన్న పాలీఫాస్ఫేట్ గొట్టాలు కాల్షియాన్ని తొలగించవు. పెచ్చు కట్టకుండా కొంతకాలం పట్టి ఉంచుతాయి. బాగా వేడి నీటిలో ఆ పట్టు సడలిపోతుంది, లోపలి గుళికలు కరిగిపోగానే మార్చాలి. పెచ్చు కట్టనివ్వవంటూ అమ్మే, పైపు చుట్టూ కట్టే అయస్కాంతాలకు నేను డబ్బు పెట్టను.

సాఫ్ట్‌నర్ లెక్క

కఠినత్వం 300 దాటి, ఇంట్లో బోరు నీరే ప్రధానమైనప్పుడు రెసిన్ సాఫ్ట్‌నర్ ఆలోచించదగినది. ఇందులోని రెసిన్ పూసలు సోడియాన్ని పట్టుకొని ఉంటాయి. నీరు వాటి మీదుగా పోతుంటే కాల్షియం, మెగ్నీషియాలను లాక్కొని, సోడియాన్ని వదులుతాయి. పూసల శక్తి అయిపోగానే చిక్కటి ఉప్పు నీటితో కడిగితే మళ్లీ మొదటికి వస్తాయి. ఒక వస్తువు ఇచ్చి మరొకటి పుచ్చుకోవడమే కనుక టీడీఎస్ మీటరులో అంకె తగ్గదు, ఒక్కోసారి కొద్దిగా పెరుగుతుంది. మీటరు చూసి యంత్రం పనిచేయలేదనుకోవడం, మీటరులో తగ్గించి చూపిస్తామనే మాట నమ్మడం, రెండూ పొరపాటే.

కొనే ముందు కాగితం మీద ఈ లెక్క వేసుకోవాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు 500 లీటర్ల నీటిని మెత్తబరచాలనీ, కఠినత్వం 600 అనీ అనుకుందాం. రోజుకు తీయవలసింది 300 గ్రాములు. ఒక లీటరు రెసిన్ సుమారు 50 గ్రాములు పట్టగలదని తీసుకుంటే, 25 లీటర్ల రెసిన్ 1,250 గ్రాములు పట్టి, నాలుగు రోజులకు ఒకసారి ఉప్పు నీళ్లు అడుగుతుంది. ప్రతిసారీ లీటరు రెసిన్‌కు 150 గ్రాముల చొప్పున దాదాపు పౌనే నాలుగు కిలోల ఉప్పు, అంటే నెలకు 27 కిలోలకు పైగా. ఈ బస్తా మోసేదెవరు, డ్రమ్ములో పోసేదెవరు అన్నది ముందే తేల్చుకోవాలి. రెండు నెలలు నడిపి వదిలేసిన సాఫ్ట్‌నర్లు చాలా మేడల మీద కనిపిస్తాయి.

రెసిన్ మీద నీరు మరీ వేగంగా పోకూడదు. గంటకు రెసిన్ పరిమాణానికి 40 రెట్ల లోపు, అంటే 25 లీటర్లకు గంటకు 1,000 లీటర్ల లోపు ఉండాలి. సంపు నుంచి పై ట్యాంకుకు పోయే పైపులో దీన్ని బిగిస్తే మోటారు ఒత్తిడి కలిసివస్తుంది గాని, మోటారు గంటకు రెండు మూడు వేల లీటర్లు తోస్తుంటే కాల్షియం పట్టుబడకుండానే జారిపోతుంది. మోటారు వేగాన్ని బట్టి యంత్రం పరిమాణాన్ని ఎంచుకోవాలి, లేదా వాల్వుతో ప్రవాహాన్ని తగ్గించాలి. నీటిలో ఇనుము ఉంటే, బకెట్‌లో కాసేపటికి ఎర్రటి తుప్పు దిగడమే దాని గుర్తు, సాఫ్ట్‌నర్‌కు ముందు ఇనుము ఫిల్టరు తప్పనిసరి. లేకపోతే పూసల మీద తుప్పు పట్టి అవి త్వరగా చెడతాయి. ఉప్పుగా కల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు అనేది, చవకే గాని అందులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి కనుక డ్రమ్ము అడుగున మడ్డి చేరుతుంది. అయోడిన్ కలపని శుద్ధి చేసిన ఉప్పు దొరికితే అదే మేలు.

కఠినత్వాన్ని సున్నాకు దించవలసిన పనీ లేదు. పూర్తిగా మెత్తబడిన నీటిలో సబ్బు ఎంత కడిగినా జారుడు వదలదు. 600 ఉన్న నీటిని ఆరో వంతు, మెత్తబరచినది అయిదు వంతులు కలిపితే 100 దగ్గర నిలుస్తుంది. బైపాస్ వాల్వును కొద్దిగా తెరిచి ఇది సాధించవచ్చు. తీసేసిన ప్రతి 100 మిల్లీగ్రాముల కఠినత్వానికి లీటరు నీటిలో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. పై ఉదాహరణలో అది 230 మిల్లీగ్రాములు. రక్తపోటు ఉన్నవారు తాగడానికి గాని, కుండీల్లో మొక్కలకు గాని ఈ నీరు తగదు. వంటింటి కుళాయికి వేరే పైపు ఉంచుకోవాలి.

రెసిన్ కడిగిన ఉప్పు నీటిని మురుగు కాలువలోకి వదలాలి. ఇంకుడు గుంతలోకి వదిలితే అది మళ్లీ మీ బోరులోకే దిగుతుంది. ఇంకుడు గుంతలోకి పోవలసింది మేడ మీద పడిన వాన నీరే. ఆ నీటిలో కొంత వడగట్టి సంపులోకి కూడా మళ్లిస్తే, వానాకాలంలో ఉప్పు ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది. అపార్టుమెంటులో ఉమ్మడి యంత్రమున్నప్పుడు వారానికోసారి ఎవరైనా ఒకరు తమ ఫ్లాటు కుళాయి నీటిని చుక్కల కిట్‌తో పరీక్షించి, తేదీ, అంకె లిఫ్టు పక్కన రాసి పెడితే, ఉప్పు వేసే పని దానంతటదే క్రమంగా జరుగుతుంది.

పట్టిన పెచ్చును వదిలించడం

గీజర్‌ను 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచితే పెచ్చు నెమ్మదిగా కడుతుంది. అంతకు మించిన ప్రతి డిగ్రీ సున్నాన్ని త్వరగా దించుతుంది. ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి, కాయిల్ మీది పెచ్చు తీయించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే మార్పించాలి. ఎలక్ట్రిక్ కెటిల్‌కు, స్టీలు గిన్నెలకు లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట ఉంచితే పెచ్చు బుడగలతో కరుగుతుంది. ఆ నీటిని మరగకాచకూడదు. మరిగితే కాల్షియం సిట్రేట్ తయారై మరో తెల్లపొర కడుతుంది. షవరు తలను విప్పి అదే ద్రావణంలో రాత్రంతా ముంచి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దాలి. విప్పడం కుదరకపోతే, ద్రావణం పోసిన ప్లాస్టిక్ సంచిని దానికి కట్టి ఉంచాలి.

బాత్రూం యాసిడ్ పెచ్చును క్షణంలో తీస్తుంది, దానితోపాటు కుళాయి మీది క్రోమియం పూతను కూడా తీస్తుంది. నిమ్మ ఉప్పును గాని, యాసిడ్‌ను గాని బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట వాడితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. ఇక గచ్చు తాండూరు బండో, పాలరాయో అయితే నిమ్మ ఉప్పు, వెనిగరు కూడా తగలనివ్వకూడదు. కుళాయి మీది పెచ్చు ఏ కాల్షియం కార్బొనేటో, ఆ బండ కూడా ప్రధానంగా అదే కనుక, పెచ్చుతోపాటు గచ్చు మెరుపూ కరిగిపోతుంది. అక్కడ తడి గుడ్డతో వెంటనే తుడిచి నీరు ఆరనివ్వకుండా చూడడమొక్కటే దారి.